తూటా యంత్రానికీ నిదానమే ప్రధానం

పిస్తోలు ఒక్కసారి కొంటే చాలు. తూటా మాత్రం పేల్చిన ప్రతిసారీ కొనవలసినదే. ఏనుగును కొన్నవానికి దాని మేత భారం ఎంతటిదో తెలిసినట్లు, గురి నేర్చుకొనే క్రీడాకారునికి ఈ సత్యం తొలి నెలలలోనే బోధపడుతుంది. ఒక పోటీలో పేల్చేది 60 తూటాలే కావచ్చు. కాని ఆ 60 నిలకడగా లక్ష్యం మధ్యలో పడాలంటే, అంతకు ముందు సాధనలో వేల తూటాలు ఖర్చు కావలసిందే.

పేలిన తూటా నుండి నేలరాలిన ఇత్తడి తొడుగును చేతిలోకి తీసుకొని చూచిన ప్రతివానికీ ఒక ఆలోచన తడుతుంది. గుండు పోయింది, మందు కాలిపోయింది, కాని ఖరీదైన ఇత్తడి చెక్కు చెదరకుండా మిగిలే ఉంది. దీనిని మళ్ళీ నింపుకోరాదా? నింపుకోవచ్చును. ప్రపంచంలో అనేకులు నింపుకొంటున్నారు. ఆ పని చేసే చేతి యంత్రమే రీలోడింగు ప్రెస్సు. బల్లకు బిగించి, మీట నొక్కి పనిచేయించే ఈ చిన్న ఇనుప సాధనాన్ని గూర్చి కొత్తవారు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: “తొలిసారిగా ఏ ప్రెస్సు కొనాలి?”

ఈ ప్రశ్నకు జవాబు కష్టమైనది కాదు. కాని దానికి ముందు మరి రెండు ప్రశ్నలున్నాయి. నా ఆటకు ఇది అవసరమా? నా దేశపు చట్టం దీనిని ఒప్పుతుందా? ఈ రెండింటినీ దాటవేసి మూడవదానికి పరుగెత్తిన వానికి ధన నష్టమే కాదు, కన్ను పోవచ్చు, స్వేచ్ఛ కూడా పోవచ్చు.

కరడికుప్పం నాటి మాట

పిస్తోలుకూ చట్టానికీ గల సంబంధం అర్థం చేసికోవడానికి పుదుచ్చేరి పట్టణాన్ని మించిన చోటు మన దేశంలో అరుదు. నేడు పర్యాటకులు రూ డ్యూమా, రూ సఫ్రెన్ వంటి ఫ్రెంచి పేర్లు గల వీధులలో తీరికగా నడుస్తారు. నూరేళ్ళకు పూర్వం అవే వీధులలో బ్రిటిషు ప్రభుత్వపు వేగులవాళ్ళు దేశభక్తుల వెంట నీడవలె తిరిగేవారు. 1908లో కవి సుబ్రహ్మణ్య భారతి, 1910 ఏప్రిల్‌లో అరవిందులు, అదే సంవత్సరం అక్టోబరులో వి.వి.ఎస్. అయ్యరు ఈ పట్టణానికి వచ్చి చేరారు. బ్రిటిషు ఆయుధ చట్టపు చేయి ఈ పట్టణపు సరిహద్దు వద్ద ఆగిపోవడమే వారికి రక్ష.

లండనులో న్యాయశాస్త్రం చదివిన అయ్యరు పట్టణ శివారులోని కరడికుప్పంలో యువకులకు పిస్తోలు గురి నేర్పినట్లు చరిత్రకారులు వ్రాశారు. అక్కడ శిక్షణ పొందినవారిలో వాంచినాథన్ ఒకడు. 1911 జూన్ 17న మణియాచ్చి రైల్వే జంక్షనులో తిరునెల్వేలి కలెక్టరు ఆష్‌ను బెల్జియంలో తయారైన బ్రౌనింగు పిస్తోలుతో కాల్చి, ఆ వెంటనే తన ప్రాణం తానే తీసుకొన్నాడు. పుదుచ్చేరిలో దొరికిన సాధన, సరిహద్దు దాటగానే రాజద్రోహమైంది. ఆయుధం అదే, మనిషి అతడే. మారినది వానిని చుట్టిన చట్టం మాత్రమే.

నేడు ఆ సరిహద్దు లేదు. 1954 నవంబరు 1న ఫ్రెంచి పరిపాలన తొలగింది. 1962 ఆగస్టు 16న న్యాయరీత్యా విలీనం పూర్తయింది. ఇప్పుడు పుదుచ్చేరిలో పిస్తోలు క్రీడ నేర్వదలచిన యువకునికి గాని, ఆ కేంద్రపాలిత ప్రాంతంలోనే చేరిన మన తెలుగు యానాం యువకునికి గాని, హైదరాబాదు యువతికి గాని వర్తించే ఆయుధ చట్టం ఒక్కటే. ఆ చట్టం ఈ ప్రెస్సును ఏ దృష్టితో చూస్తుందో తెలిసికొనే ముందు, తూటా అంటే ఏమిటో తెలిసికోవాలి.

నాలుగు భాగాల చిన్న వస్తువు

వ్యవహారంలో మనం తూటా, గుండు అనే మాటలను ఒకే అర్థంలో వాడుతాము. నిజానికి తూటా అన్నది నాలుగు భాగాల కూర్పు. బయట ఇత్తడి తొడుగు, దాని అడుగున ప్రైమరు అనే చిన్న మూకుడు, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. దీపావళికి పిల్లలు పేల్చే తుపాకి బిళ్ళవలె, ప్రైమరు దెబ్బ తగలగానే భగ్గుమంటుంది. ఆ నిప్పు మందుకు అంటుకొంటుంది. మందు వాయువుగా మారి గుండును గొట్టంలో నుండి తోస్తుంది. మెత్తని ఇత్తడి ఆ క్షణంలో ఉబ్బి గొట్టపు గోడలకు అతుక్కొని వాయువు వెనుకకు రాకుండా అడ్డుకొంటుంది. అందుచేతనే పేలిన తొడుగు కొంచెం లావెక్కి బయటికి వస్తుంది. దానిని మళ్ళీ వాడాలంటే మొదట పాత కొలతకు నొక్కవలసి ఉంటుంది. ప్రెస్సు చేసే మొదటి పని ఇదే.

ఈ వస్తువు రూపొందడంలో పుదుచ్చేరిని ఏలిన ఫ్రెంచివారి పాత్ర చాలా గొప్పది. గుండు, మందు, నిప్పు పుట్టించే పదార్థం ఒకే తూటాలో చేర్చి, వెనుక నుండి నింపే తుపాకిని 1812లో పారిస్‌లో రూపొందించినవాడు అక్కడ స్థిరపడిన స్విట్జర్లాండు పనివాడు పౌలీ. 1845 ప్రాంతంలో పారిస్ వాసియైన ఫ్లోబెర్ అంచులోనే నిప్పు పుట్టించే పదార్థం దాగిన చిన్న తూటాను తయారు చేశాడు. నేటి .22 తూటా దాని సంతతి. 1884లో పాల్ వియే అనే ఫ్రెంచి రసాయనవేత్త పొగ రాని మందును కనిపెట్టాడు. పాత నల్లమందు కన్న ఇది బరువుకు బరువు దాదాపు మూడింతలు శక్తి గలది. రెండేళ్ళలో ఫ్రెంచి సైన్యం ఈ మందుతో పనిచేసే లెబెల్ తుపాకిని చేపట్టింది. యుద్ధరంగం నుండి పొగ తెరలు తొలగిపోయాయి. కాని ఈ శక్తిమంతమైన మందే, తూటాలు సొంతంగా నింపుకొనే వానికి ఒక కొత్త అపాయాన్ని కూడా తెచ్చిపెట్టింది. దాని సంగతి తరువాత చూతము.

ప్రైమరు విషయంలో ఒక వింత ఉంది. 1866లో ఇంగ్లండుకు చెందిన బాక్సర్, అమెరికాకు చెందిన బెర్డాన్ వేరువేరుగా రెండు పద్ధతులు కనిపెట్టారు. బాక్సర్ పద్ధతిలో తొడుగు అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది. ఒక సన్నని సూదితో పాత ప్రైమరును సులువుగా పొడిచి తీయవచ్చు. బెర్డాన్ పద్ధతిలో పక్కలకు రెండు చిన్న రంధ్రాలుంటాయి. సూది దూరే దారి లేదు. విచిత్రమేమంటే ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికనుని పద్ధతి ఐరోపా సైన్యాలలో వ్యాపించింది. తూటాలు నింపుకొనే అలవాటు అమెరికాలో ఇంటింటి వ్యాపకంగా పెరగడానికి ఆ ఒక్క రంధ్రం కూడా ఒక కారణం.

నా ఆటకు ఇది అవసరమా?

మన దేశంలో పిస్తోలు క్రీడ అనగానే గుర్తుకు వచ్చే పేర్లను ఒకసారి తలచుకొందాము. 2024 పారిస్ ఒలింపిక్సులో రెండు కాంస్యాలు గెలిచిన మను భాకర్ వాడినది ఎయిర్ పిస్తోలు. అందులో మందే లేదు. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్టు వెలువడుతుంది. 2012 లండన్ ఒలింపిక్సులో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పోటీలో విజయ్ కుమార్ రజతం గెలిచినది .22 పిస్తోలుతో. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పోటీలో జట్టుకు స్వర్ణం, తనకు రజతం సాధించిన మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పేల్చినదీ ఆ .22 తూటాలనే.

ఈ .22 తూటాకు విడిగా ప్రైమరు ఉండదు. నిప్పు పుట్టించే పదార్థం తొడుగు అంచు మడతలో ఉంటుంది. పేల్చినప్పుడు ఆ అంచు నలిగిపోతుంది. దానిని ఇంటి బల్ల మీద మళ్ళీ సరిచేసి నింపడం ఆచరణలో సాధ్యం కాదు. అంటే ఒలింపిక్సులోని ఏ పిస్తోలు పోటీకీ రీలోడింగు ప్రెస్సు అవసరం లేదన్నమాట. పతకాల కలతో క్రీడలో అడుగుపెట్టిన యువతీయువకులలో అత్యధికులకు ఈ ప్రశ్న ఇక్కడే ముగిసిపోతుంది. ప్రెస్సుకు వెచ్చించదలచిన ధనం మంచి శిక్షకునికి వెచ్చిస్తే ఫలితం ఎక్కువ.

ఇక మిగిలినవి సెంటర్ ఫైర్ పోటీలు. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్తోలు పోటీలో 7.62 నుండి 9.65 మిల్లీమీటర్ల వరకు గల తూటాలు వాడవచ్చు. 30 తూటాలు నిదానంగా, 30 తూటాలు లక్ష్యం కనబడిన కొద్ది క్షణాలలో పేల్చాలి. జస్పాల్ రాణా 2006 దోహా ఆసియా క్రీడలలో 600కు 590 సాధించి ప్రపంచ రికార్డును సమం చేసినది ఈ పోటీలోనే. ఇందులో చాలామంది వాడే .32 తూటాకు ముందు భాగం చదునుగా ఉండే గుండు బిగిస్తారు. అది కాగితపు లక్ష్యంలో చిరుగులు లేని గుండ్రని రంధ్రం చేస్తుంది గనుక పాయింట్ల లెక్కకు అనుకూలం. కదులుతూ పేల్చే ప్రాక్టికల్ షూటింగు పోటీలలోనూ పెద్ద తూటాలే వాడుతారు. అక్కడ గుండు బరువును దాని వేగంతో హెచ్చించి చూచి, నిర్ణీత స్థాయికి తగ్గితే ఆ తూటాలను అంగీకరించరు. ఆ స్థాయికి సరిగ్గా సరిపోయి, చేతికి ఎదురుదెబ్బ తక్కువ తగిలే తూటాను ఎవరికి వారు కూర్చుకోవడం అనేక దేశాలలో ఆ క్రీడలో భాగమే.

చట్టం దృష్టిలో యంత్రమే తూటా

ఈ ఘట్టం భారతీయ పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసినది. 1959 నాటి ఆయుధ చట్టం రెండవ సెక్షనులో తూటా సామగ్రికి నిర్వచనం ఉంది. ఆ నిర్వచనం పేలే వస్తువులతో ఆగదు. తూటా భాగాలను, తూటాలు తయారుచేసే యంత్ర సామగ్రిని కూడా అది అదే పేరు కిందికి తెస్తుంది. చూపులకు జంతికల గొట్టానికి పెద్దన్నవలె కనిపించే ఇనుప ప్రెస్సు, చట్టం చేతిలో పడితే సాధారణమైన పనిముట్టుగా మిగలదు. ఐదవ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలను గాని తూటాలను గాని తయారు చేయరాదు. పదవ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా విదేశాల నుండి తీసుకొని రారాదు. 2019 సవరణ తరువాత ఐదవ సెక్షను ఉల్లంఘనకు శిక్ష ఏడేళ్ళకు తగ్గని కారాగారం. అది యావజ్జీవం వరకు పోవచ్చు. మందును, ప్రైమర్లను ఉంచుకోవడానికి 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కూడా అడ్డు నిలుస్తుంది.

పిస్తోలుకు లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు నింపుకొనే హక్కు దానంతట అదే రాదు. కారు నడిపే లైసెన్సు చేతిలో ఉన్నవాడు ఇంటి పెరట్లో పెట్రోలు శుద్ధి చేయబోవడం వంటిదే ఈ పొరపాటు. కాబట్టి మన దేశంలో ఈ మార్గం గూర్చి ఆలోచించే క్రీడాకారుని తొలి అడుగు దుకాణం వైపు పడరాదు. లైసెన్సు మంజూరు చేసే అధికారి వద్దకు, తన క్రీడా సంఘం వద్దకు పడాలి. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘానికి అనుబంధమైన సంఘాలు దేశమంతటా ఉన్నాయి. సభ్యులకు తూటాలు చట్టబద్ధంగా సమకూర్చే దారులు వారికే బాగా తెలుసు. రాతపూర్వకమైన అనుమతి చేతికి రానంత వరకు ప్రెస్సు అనే మాట పుస్తకాలకే పరిమితం కావాలి.

అమెరికా పరిస్థితి వేరు. అక్కడ సొంత వాడకానికి తూటాలు నింపుకొనేవానికి సమాఖ్య ప్రభుత్వపు లైసెన్సు అక్కరలేదు. అమ్మకానికి నింపితేనే కావాలి. జర్మనీ మధ్యేమార్గం ఎంచుకొన్నది. అక్కడ మందు కొనదలచినవాడు శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి, పరవానా తీసుకోవాలి. అమెరికాలో స్థిరపడి ఈ వ్యాపకం అలవరచుకొన్న తెలుగువారు ఒక సంగతి మరువరాదు. అక్కడి గ్యారేజీలో నిర్దోషమైన వస్తువు, స్వదేశానికి వచ్చే పెట్టెలో దొరికితే నేరం కావచ్చు. పెట్టె మూలన మరచిపోయిన ఒక్క తూటా కారణంగా విమానాశ్రయాలలో పోలీసు కేసులలో చిక్కుకొన్న ప్రయాణికులు ఎందరో ఉన్నారు. తెలిసి ఉంచుకొన్నది కాదని న్యాయస్థానంలో తేలేవరకు వారు పడే యాతన చిన్నది కాదు.

మూడు రకాల ప్రెస్సులు

ఆట కోరినది, చట్టం ఒప్పినది అనుకొందాము. అప్పుడు మూడవ ప్రశ్నకు అర్హత వస్తుంది.

పిస్తోలు తొడుగును నింపడంలో వరుసగా కొన్ని పనులున్నాయి. తొడుగును పాత కొలతకు నొక్కి, పాత ప్రైమరును పొడిచి తీయడం. కొత్త ప్రైమరు అమర్చడం. గుండు దూరేటట్లు మూతిని రవ్వంత వెడల్పు చేయడం. మందు తూచి పోయడం. గుండును కావలసిన లోతుకు దించి మూతిని బిగించడం. నొక్కే ప్రతి పనికీ డై అనే ఉక్కు అచ్చు ఒకటి ఉంటుంది. ఈ డైలను ప్రెస్సు ఏ విధంగా పట్టుకొంటుందన్న దానిని బట్టి మూడు రకాలు ఏర్పడ్డాయి.

మొదటిది సింగిల్ స్టేజి ప్రెస్సు. ఇందులో ఒకసారికి ఒకే డై ఉంటుంది. జంతికల గొట్టంలో బిళ్ళ మార్చినట్లు, ఒక పని పూర్తయ్యాక డై మార్చి రెండవ పని మొదలు పెట్టాలి. సాధారణంగా 50 తొడుగులను ఒక పలకలో నిలబెట్టి, అన్నింటికీ ఒక పని ముగించి, తరువాతి పనికి పోతారు. గంటకు 50 నుండి 100 తూటాలు పూర్తవుతాయి.

రెండవది టరెట్ ప్రెస్సు. డైలన్నీ తిరిగే తల మీద ముందే బిగించి ఉంటాయి. తలను తిప్పితే తరువాతి డై ముందుకు వస్తుంది. విప్పి బిగించే శ్రమ తప్పుతుంది. గంటకు 100 నుండి 200 వరకు సాధ్యం.

మూడవది ప్రోగ్రెసివ్ ప్రెస్సు. ఇందులో నాలుగైదు తొడుగులు ఒకేసారి వేరువేరు దశలలో ఉంటాయి. మీటను ఒక్కసారి నొక్కితే అన్ని దశలూ ఏకకాలంలో జరిగి, ప్రతి నొక్కుకూ ఒక పూర్తి తూటా బయట పడుతుంది. గంటకు 400 దాటడం విశేషం కాదు. అమెరికాలో డిల్లన్ సంస్థ యంత్రాలు పోటీ క్రీడాకారులలో ఈ రకానికి పేరు తెచ్చాయి.

తొందర ఎక్కడ ప్రాణం తీస్తుంది

అంకెలు చూచినవాడు సహజంగానే మూడవ దాని వైపు మొగ్గుతాడు. కాని తొలి యంత్రంగా మొదటిదే తగినదని అనుభవజ్ఞులు పదేపదే చెప్పడానికి బలమైన కారణం ఉంది. ఆ కారణం పాల్ వియే కనిపెట్టిన మందులోనే ఉంది.

.38 స్పెషల్ అనే రివాల్వరు తూటా 1898 ప్రాంతంలో నల్లమందు కోసం రూపొందింది. నల్లమందు బలహీనమైనది గనుక ఎక్కువ పట్టేది. అందుకే తొడుగు పొడుగ్గా చేశారు. నేటి పొగ రాని మందు అందులో పిసరంత చాలు. పిస్తోలు తూటాలలో పడే మందు తరచుగా 3 నుండి 6 గ్రెయిన్లు మాత్రమే. పౌనులో 7000వ వంతు ఒక గ్రెయిను; అంటే ఈ మందు బరువు పది, ఇరవై బియ్యపు గింజల బరువుకు మించదు. తొడుగులో అది అడుగునే ఉండిపోతుంది. పరధ్యానంలో అదే తొడుగులో రెండవసారి మందు పోసినా పొంగి పొరలదు; పైనుంచి చూడనివానికి తెలియదు. గుండు బిగించిన తరువాత ఆ తూటాకూ మంచి తూటాకూ కంటికి తేడా లేదు. పేల్చినప్పుడు మాత్రం పిస్తోలు చేతిలోనే బద్దలు కావచ్చు.

దీనికి విపరీతమైనది మందు పోయడం మరచిన తూటా. మీట నొక్కగానే చిన్న చప్పుడు వస్తుంది. ప్రైమరు శక్తి ఒక్కటే గుండును గొట్టంలోకి నెడుతుంది. గుండు నడుమ ఇరుక్కొంటుంది. పేలలేదని తలచి ఆటగాడు రెండవ తూటా పేల్చితే, ఆ గుండు మొదటి దానిని ఢీకొని గొట్టం ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. వేగంగా పేల్చే పోటీలలో ఈ అపాయం మరీ ఎక్కువ.

సింగిల్ స్టేజి ప్రెస్సులో 50 తొడుగులూ మందుతో ఒకే పలకలో వరుసగా నిలబడతాయి. దీపం వెలుతురులో పైనుంచి ఒక్క చూపు చూస్తే, ఎక్కువ పడినదీ, అసలే పడనిదీ పక్కవాటితో పోలిక వల్ల వెంటనే పట్టుబడతాయి. ప్రోగ్రెసివ్ ప్రెస్సులో ఆ అవకాశం క్షణకాలం మాత్రమే. పైగా ఐదు దశలూ కలిసి కదిలేటప్పుడు తప్పు ఏ దశలో జరిగిందో కొత్తవానికి బోధపడదు. ఫోను మోగి చేయి ఆగినప్పుడు, మీట సగంలో తట్టుకొన్నప్పుడు ఏ తొడుగు ఏ స్థితిలో ఉన్నదో తెలియక గందరగోళం పుడుతుంది. ఆధునిక యంత్రాలకు మందు మట్టం చూచి హెచ్చరించే పరికరాలు అమర్చుకోవచ్చు. కాని అవి చూపుకు తోడుగా ఉండవలసినవి. చూపుకు బదులుగా ఉండవలసినవి కావు.

ఇంకొక వాదం కూడా వినవలసినదే. ఎలాగూ పెద్ద యంత్రం కొనవలసి వస్తుంది గనుక మొదటే కొంటే ఒక ఖర్చు తప్పుతుందని కొందరంటారు. నెలకు వేల తూటాలు పేల్చేవాని విషయంలో ఇందులో నిజం లేకపోలేదు. అట్టివానికి టరెట్ ప్రెస్సు మంచి రాజీ. తల తిప్పకుండా ఉంచితే అది సింగిల్ స్టేజి వలె పనిచేస్తుంది. చేయి తిరిగాక వేగం అందుకొంటుంది. అయితే సింగిల్ స్టేజి ప్రెస్సు వృథా అయ్యే వస్తువు కాదు. పెద్ద యంత్రం వచ్చిన తరువాత కూడా కొత్త రకం తూటాను కొద్ది సంఖ్యలో పరీక్షించడానికి, తప్పుగా బిగిసిన గుండును ఊడదీయడానికి అదే పనికి వస్తుంది.

కొనేటప్పుడు చూడవలసినవి

పేరు కన్న నిర్మాణం ముఖ్యం. ప్రెస్సు చట్రం ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం వలె నాలుగు వైపులా మూసుకొని ఉంటే ఒత్తిడికి వంగదు. ‘సీ’ అక్షరం వలె ఒక పక్క తెరచి ఉంటే చేయి దూర్చడం సులువు. పొడుగాటి రైఫిల్ తొడుగులకు మొదటిది మేలు. పొట్టి పిస్తోలు తొడుగులకు రెండవదీ చాలును. పోత ఇనుముతో చేసిన ‘రాక్ చకర్’ అనే ప్రెస్సును ఆర్.సి.బి.ఎస్. సంస్థ దశాబ్దాలుగా అమ్ముతున్నది. పొలాలలో బొరియలు తవ్వే రాక్ చక్ అనే జంతువును వేటాడటానికి గుండ్లు తయారుచేసే అచ్చుతో 1943లో కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్‌టన్ మొదలుపెట్టిన ఆ సంస్థ పేరులోని మొదటి రెండక్షరాలూ ఆ జంతువువే. తక్కువ వెలకు దొరికే అల్యూమినియం ప్రెస్సులను లీ సంస్థ ప్రసిద్ధం చేసింది. పిస్తోలు తూటాలకు అవి చాలినంత బలంగానే ఉంటాయి.

డై బిగించే మర కొలతను తప్పక చూడాలి. 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 చుట్లు గల మర ఈ రంగంలో సర్వసాధారణం. ఆ కొలత గల ప్రెస్సు కొంటే ఏ సంస్థ డైలైనా దానికి పడతాయి. రేపు ప్రెస్సు మారినా డైలు మిగులుతాయి. కొన్ని యంత్రాలు తమ సొంత డైలనే కోరుతాయి. ఇక పిస్తోలు తొడుగులకు టంగ్‌స్టన్ కార్బైడు వలయం గల డై ఎంచుకొంటే, ప్రతి తొడుగుకూ నూనె రాసి తుడిచే శ్రమ తప్పుతుంది.

కొత్తవారు తరచుగా ప్రెస్సుకే ధనమంతా ఖర్చు చేసి, దాని పక్కన ఉండవలసిన వాటిని చులకన చేస్తారు. నిజానికి గ్రెయినులో పదవ వంతు చూపే త్రాసు, తూటా పొడవు కొలిచే సాధనం, మందు తయారీదారు ప్రకటించిన కొలతల పుస్తకం, కంటి అద్దాలు, కదలని బల్ల, మంచి దీపం లేనిదే ప్రెస్సు పనికిరాదు. కొలతలను పుస్తకం నుండి తప్ప నోటిమాట నుండి తీసుకోరాదు. బల్ల మీద ఒకసారికి ఒకే రకం మందు డబ్బా ఉండాలి. ప్రైమరు అవశేషాలలో, గుండులో సీసం ఉంటుంది గనుక పని ముగిశాక చేతులు కడుగకుండా అన్నం ముట్టరాదు. పిల్లలున్న గదిలో ఈ బల్లకు చోటు లేదు.

లెక్క తేలేనా?

పొదుపు కోసమే ప్రెస్సు కొనేవారికి ఒక హితవు. తూటాలో అన్నింటికన్న ఖరీదైన భాగం సాధారణంగా ఇత్తడి తొడుగు. దానిని మళ్ళీ మళ్ళీ వాడటం వల్ల తూటా ఖర్చు తగ్గుతుందన్నది నిజమే. రివాల్వరు తొడుగులు తనలోనే ఉంచుకొంటుంది గనుక ఒక్కటీ పోదు. స్వయంచాలక పిస్తోలు వాటిని పక్కకు విసిరేస్తుంది గనుక ఏరుకోవాలి. కాని తూటా చవకైన కొద్దీ ఆటగాడు ఎక్కువ పేల్చుతాడు. నెలాఖరుకు ఖర్చు తగ్గదు, సాధన పెరుగుతుంది. ఈ వ్యాపకంలో పండినవారు నవ్వుతూ ఒప్పుకొనే మాట ఇది. వెచ్చించే గంటలకు వెల కడితే లెక్క మరింత తారుమారవుతుంది. కాబట్టి తన పిస్తోలుకు సరిపోయే తూటాను తానే కూర్చుకోవాలన్న ఆసక్తి, ఒకే పనిని వందసార్లు ఒకే శ్రద్ధతో చేయగల ఓర్పు ఉన్నవానికే ఈ యంత్రం తగినది.

పిస్తోలు గురిలో శిక్షకులు నేర్పే మొదటి పాఠం, మీటను చటుక్కున లాగరాదని. ఊపిరి నిలిపి, వేలిని మెల్లగా బిగిస్తూ పోవాలి. లక్ష్యాన్ని తొందరపడి పట్టుకోబోయినవాని చేయి వణుకుతుంది. ప్రెస్సు ఎంపికలోనూ, దాని వాడకంలోనూ వర్తించేది ఆ పాఠమే. మొదట అవసరాన్ని తూచి, పిమ్మట అనుమతిని సంపాదించి, చివరకు ఒకసారికి ఒకే పని చేసే యంత్రాన్ని ఎంచుకొన్నవాడు, తన తూటాకు తానే హామీ ఇవ్వగలుగుతాడు. తూటా విషయంలో అంతకు తక్కువైన హామీ హామీయే కాదు.